బల్ల మీద ఎగురు విమానము

1929వ సంవత్సరమున అమెరికా దేశమందు, న్యూయార్కు రాష్ట్రములోని బింగ్‌హామ్టన్ పట్టణమునుండి ఎడ్విన్ లింక్ అను యువకుడు ఒక పేటెంటు కొరకు దరఖాస్తు పెట్టుకొనెను. ఆయన తండ్రికి పియానోలు, ఆర్గనులు తయారుచేయు కర్మాగారము కలదు. కుమారుడు ఆ పనిలోనే పెరిగినవాడు. విమానము నడుపుట నేర్చుకొనవలెనను కోరిక ఆయనకు మిక్కుటముగా ఉండెను గాని, ఆ రోజులలో విమానశిక్షణ ధనవంతులకే అందుబాటులో ఉండెడిది. అందుచేత ఆయన తనకు తెలిసిన ఆర్గను విద్యనే ఆశ్రయించెను. గాలి తిత్తులను అమర్చి, వానిపై చిన్న విమానము వంటి పెట్టెను నిలిపి, లోన కూర్చుండినవాడు కఱ్ఱను త్రిప్పినట్లు ఆ పెట్టె ముందునకు వంగునట్లును, ప్రక్కలకు ఒరుగునట్లును చేసెను. మన నాటకములలో హార్మోనియము వాయించువాడు ఎడమచేత తిత్తి నూదుట చూచినవారికి ఈ యంత్రపు మర్మము సులభముగా బోధపడును. హార్మోనియములో గాలి స్వరమగుచున్నది, లింక్ పెట్టెలో గాలి కదలిక అయినది.

ఆ దరఖాస్తులో ఆయన తన యంత్రమునకు వ్రాసిన పేరు గమనింపదగినది. విమానవిద్యార్థులకు శిక్షణ సాధనముగాను, వినోద పరికరముగాను కూడ పనికివచ్చు ఉమ్మడి యంత్రమని దాని తాత్పర్యము. బడి, ఆట అను రెండును ఆ పేరులో ఒకే కప్పు క్రింద ఉన్నవి. తరువాతి తొంబది యేండ్ల చరిత్రలో ఈ రెండును విడిపోయినవి, తిరిగి కలిసినవి. నేడు ఎందరో ఇండ్లలో బల్లమీద కంప్యూటరు పెట్టుకొని, సాయంకాలము పని ముగిసిన పిమ్మట, ఏ జీతమును, ఏ పరీక్షయును లేకయే విమానములు నడుపుచున్నారు. దీనికి ఫ్లైట్ సిమ్యులేటరు అని పేరు. ఇందు వారికి కలుగు ఆకర్షణ యేమి? ఈ అభిరుచికి రానున్న కాలమెట్టిది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము చరిత్రలోనే దొరకునని మా అభిప్రాయము.

లింక్ యంత్రమును మొదట కొన్నవారిలో వినోదశాలల యజమానులే ఎక్కువ. విమానశిక్షణ పాఠశాలలు దానిని పెద్దగా లెక్కచేయలేదు. 1934వ సంవత్సరమున పరిస్థితి మారెను. ఆ ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వము విమాన తపాలా పనిని ప్రైవేటు కంపెనీలనుండి తీసి సైనిక విమానదళమునకు అప్పగించెను. శీతకాలపు మంచులోను, మేఘములలోను, రాత్రివేళలలోను ఎగురుట ఆ సైనికులకు అలవాటు లేదు. కొద్ది వారములలోనే పదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. అప్పుడు సైన్యమువారికి లింక్ పెట్టె జ్ఞప్తికి వచ్చెను. ఒక్కొక్కటి 3,500 డాలర్ల చొప్పున ఆరు యంత్రములు కొనిరి. రెండవ ప్రపంచయుద్ధము ముగియునప్పటికి అట్టివి పదివేలకు పైగా తయారయ్యెను. వానిలో కూర్చుండి నేర్చినవారి సంఖ్య అయిదు లక్షలవరకు ఉండునని చెప్పుదురు. వినోదశాలలోని బొమ్మ ఈ విధముగా ప్రాణరక్షక సాధనమయ్యెను.

ఇంతకు ఆ పెట్టె నేర్పినదేమి? మేఘములో ప్రవేశించిన చోదకునకు నేల కనబడదు, దిగంతరేఖ కనబడదు. అప్పుడు మన చెవి లోపలనున్న సమతౌల్య జ్ఞానము మనలను మోసగించును. విమానము మెల్లగా ఒక ప్రక్కకు తిరుగుచున్నను, కొంతసేపటికి శరీరమునకు అది తిన్నగా పోవుచున్నట్లే తోచును. దానిని సరిచేసినచో, ఎదుటి ప్రక్కకు ఒరిగినట్లు భ్రమ కలుగును. అట్టి సమయమున తన శరీరము చెప్పుదానిని త్రోసిపుచ్చి, ఎదుటనున్న ముల్లులు చూపుదానిని నమ్మువాడే బ్రతుకును. ఈ నమ్మకము మాటలతో వచ్చునది కాదు, అభ్యాసము వలన రావలెను. అందుకే లింక్ పెట్టెపై మూతవేసి, విద్యార్థిని చీకటిలో కూర్చుండబెట్టెడివారు.

రేడియో గల ఇండ్లవారికి ఇందులో ఆసక్తికరమైన సంగతి మరొకటి కలదు. ఆ కాలపు విమానమార్గములను రేడియో ధ్వనులే చూపెడివి. మార్గమునకు ఒక ప్రక్కనున్న చోదకునకు చెవిగొట్టములలో మోర్సు భాషలోని ‘ఏ’ అక్షరము, అనగా ఒక చుక్క, ఒక గీత వినబడును. రెండవ ప్రక్కనున్నచో ‘ఎన్’ అక్షరము, అనగా ఒక గీత, ఒక చుక్క వినబడును. సరిగా మార్గము నడుమ ఉన్నప్పుడు ఆ రెండును ఒకదానిలోనొకటి ఒదిగి, తెగని ఒకే ధ్వనిగా మారును. లింక్ పెట్టెలోని విద్యార్థికి ఈ ధ్వనులను వినిపించుచు, శిక్షకుడు ప్రక్క బల్లయొద్ద కూర్చుండెడివాడు. ఆ బల్లమీది పటముపై మూడు చక్రముల చిన్న పరికరమొకటి ప్రాకుచు, విద్యార్థి పోయిన దారిని సిరాతో గీయుచుండెడిది. దానిని ‘పీత’ అని పిలిచెడివారు. గది దాటని ప్రయాణమంతయు కాగితముపై ఎక్కుచుండెను. చూచుటకు ఒక్క దృశ్యమును లేని ఆ యంత్రము వేలకొలది చోదకులను తయారుచేసినదని జ్ఞాపకముంచుకొనవలెను. ఈ సంగతి మనకు ముందు పనికివచ్చును.

యుద్ధానంతరము తిత్తుల స్థానమున విద్యుత్పరికరములు, ఆపై కంప్యూటర్లు వచ్చెను. విమాన కంపెనీలు ఆరు కాళ్లపై నిలిచి ఊగెడి మహాయంత్రములు నెలకొల్పుకొనెను. అనుభవజ్ఞుడైన చోదకుడు క్రొత్తరకపు విమానమునకు మారునప్పుడు శిక్షణయంతయు ఆ యంత్రములోనే ముగించుకొని, నిజమైన ఆ విమానమును మొట్టమొదట నడుపునాడే అందులో ప్రయాణికులు కూడ ఉండుట నేడు వింత కాదు. బడి అంత గొప్పదయ్యెను గాని, ఆట మరుగునపడెను. సామాన్యునకు ఆ యంత్రము గడప త్రొక్కు అవకాశము లేకపోయెను.

విడిపోయినవానిని తిరిగి కలిపినవాడు బ్రూస్ ఆర్ట్‌విక్. ఈయన ఇల్లినాయి విశ్వవిద్యాలయ విద్యార్థి. 1975లో కంప్యూటరు తెరపై విమానగమనమును చూపు పద్ధతిని గూర్చి సిద్ధాంతవ్యాసము వ్రాసెను. 1977లో మిత్రునితో కలిసి సబ్‌లాజిక్ అను సంస్థను స్థాపించెను. కొద్దికాలమునకే ఆపిల్ 2 అను ఇంటి కంప్యూటరు కొరకు మొదటి సిమ్యులేటరు వెలువడెను. ఆ కంప్యూటరుకు 16 కిలోబైట్ల జ్ఞాపకశక్తి ఉన్న చాలును. ఇంత చిన్న స్థలములో 36 చదరములుగా గీసిన నేల, కొన్ని గీతల కొండలు, ఒక విమానము ఇమిడినవి. తెరపై చిత్రము కుంటుచు కదలెడిది. అయినను కఱ్ఱను వెనుకకు లాగినచో ముక్కు పైకెత్తును, మితిమీరి ఎత్తినచో వేగము తగ్గి విమానము పట్టు తప్పును. గీతలు మోటువైనను గణితము నిజమైనది. ఎత్తునట్టి బలము, లాగునట్టి బలము, గాలి అడ్డు, భూమి ఆకర్షణ అను నాలుగింటి లెక్కను క్షణక్షణమును వేయుచుండుటయే సిమ్యులేటరు చేయు పని.

1982 నవంబరులో ఆర్ట్‌విక్ రచనయే ఐ.బి.ఎం. కంప్యూటరు కొరకు మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటరు అను పేర వెలువడెను. అందులో ప్రయాణము షికాగో నగరమున, మిషిగన్ సరస్సు ఒడ్డునున్న మెగ్స్ ఫీల్డ్ అను చిన్న విమానాశ్రయమునుండి ఆరంభమయ్యెడిది. ఆ దినములలో ఐ.బి.ఎం. యంత్రమునకు సరిజోడు అని చెప్పుకొను కంప్యూటర్లు బజారులోనికి అనేకము రాగా, ఆ మాట నిజమో కాదో తేల్చుటకు లోటస్ అను లెక్కల ప్రోగ్రామును, ఈ విమానపు ప్రోగ్రామును అందు నడిపి చూచెడివారు. ఒకటి కార్యాలయమునకు చెందినది, రెండవది వినోదమునకు చెందినది. యంత్రమునకు పరీక్షాధికారులుగా రెండును సమానమైన గౌరవము పొందెను.

ఇక ఆకర్షణ మాట. ఈ ఆటలో శత్రువు లేడు, గెలుపు లేదు, మార్కులు లేవు. ఎరుగనివారు దీనిని ప్రక్కన నిలిచి చూచినచో, రెండు గంటలసేపు ఏమియు జరుగుట లేదని విసుగుకొందురు. కాని ఔత్సాహికుడు చేయుపని గమనింపుడు. ముందుగా చేరవలసిన ఊరి వాతావరణ సమాచారము చదువును. గాలి ఏ దిక్కునుండి వీచుచున్నదో చూచి, ఏ రన్‌వే మీద దిగవలసియుండునో ఊహించును. ఇంధనము లెక్కకట్టును. జాబితా ముందుంచుకొని మీటలను ఒక్కొక్కటిగా సరిచూచును. ఇవన్నియు మానివేసినను అడుగువారెవ్వరును లేరు. పొరపాటు జరిగినను ప్రాణహాని లేదు. అయినను అతడు మానడు. స్వేచ్ఛగా ఎగురుటకు వచ్చినవాడు నియమములకు తనంతట తానే లోబడును. ఈ అభిరుచి యొక్క కీలకము ఇక్కడనే ఉన్నదని మేము భావించుచున్నాము. ఇంటియందు ఒంటరిగా వీణ సాధన చేయువానికి సభ లేదు, సన్మానము లేదు. అపస్వరము పలికినచో తన చెవియే తప్పుపట్టును. తిన్నగా, మెత్తగా చక్రములు నేలను తాకిన సమయమున సిమ్యులేటరు ముందు కూర్చుండినవాడు పొందు తృప్తి అట్టిదే.

ఈ నియమప్రీతి ఎంతవరకు పోయినదో తెలిపుటకు ఒక ఉదాహరణము చాలును. 2001లో వాట్‌సిమ్ అను స్వచ్ఛంద వ్యవస్థ ఏర్పడెను. ఇందు కొందరు తమ ఇండ్లనుండి విమానములు నడపగా, మరికొందరు తమ ఇండ్లనే కంట్రోలు టవర్లుగా భావించుకొని వారికి దారి చూపుదురు. కంట్రోలరుగా కూర్చుండదలచినవారు నియమావళి చదివి, శిక్షణ పొంది, పరీక్షలో నెగ్గవలెను. జీతము లేదు. కేవలము కంఠస్వరము ద్వారానే పరిచయము. ఇది చూచినచో అమెచ్యూర్ రేడియోవారి సంప్రదాయము స్ఫురణకు రాక తప్పదు. వారికిని కాల్ సైన్ కలదు, మితభాషణము కలదు, పరీక్ష కలదు. పని చేసికొనుటకు పుట్టిన సాధనమును ప్రీతితో పట్టుకొన్నవారు దాని మర్యాదలను ఉద్యోగులకంటె భక్తితో పాటించుట లోకమున తరచు కనబడుచుండును.

అయితే ఈ విద్యకు హద్దులు కలవు. ఇంటి కంప్యూటరుపై గడిపిన గంటలు అంతమాత్రముననే చోదకుని లైసెన్సుకు లెక్కకు రావు. శరీరముపై పడు బరువు, ఇంజను అదురు, అన్నిటికి మించి భయము, బల్లయొద్ద అనుభవమునకు రావు. కాని పద్ధతులను నేర్చుటకు, పరికరములను చదువుటకు ఇది గట్టి పునాది. ఆస్టిన్ మేయర్ అను అమెరికా ఇంజనీరు, తానే విమానచోదకుడు, పరికరములపై ఎగురు అభ్యాసమునకు తగిన ప్రోగ్రాము కావలెనని 1990 దశకములో ఎక్స్‌ప్లేన్ అను సిమ్యులేటరును స్వయముగా రచించెను. అది రెక్కను చిన్నచిన్న తునకలుగా భావించి, ఒక్కొక్క తునకపై గాలి చూపు బలమును వేరువేరుగా లెక్కకట్టి కూడును. అదే దశకములో ఫ్లైట్‌గేర్ అను మరియొక ప్రోగ్రాము ఔత్సాహికుల ఉమ్మడి కృషిగా పుట్టెను. దాని మూలము ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, ఉచితముగా పంచుకొనవచ్చును.

ఔత్సాహికులు ఎగురుటతో తృప్తిపడలేదు. తమ ఊరి విమానాశ్రయము తెరపై సరిగా లేదని తోచినచో ఛాయాచిత్రములు తీసి, కొలతలు సేకరించి, తామే దానిని నిర్మించి ఇతరులకు పంచిపెట్టిరి. ఇది చరిత్రరచనకు కూడ తోడ్పడినది. షికాగోలోని మెగ్స్ ఫీల్డ్ కథ వినుడు. 2003 మార్చి 30వ తేదీ రాత్రి నగర మేయరు రిచర్డ్ డేలీ ఆజ్ఞపై బుల్‌డోజర్లు వచ్చి రన్‌వే మీద పెద్దపెద్ద ఇంటు గుర్తులు త్రవ్వివేసినవి. ఆ స్థలము తరువాత ఉద్యానమయ్యెను. ఆ యేడు వెలువడిన సిమ్యులేటరులో మెగ్స్ ఫీల్డ్ లేదు. కాని తమ మొదటి ఎగురుట అక్కడనే నేర్చిన ఔత్సాహికులు ఊరకుండక, దానిని తిరిగి కట్టి తమ కంప్యూటర్లలో నిలుపుకొనిరి. 2022లో, తన సిమ్యులేటరు నలుబదవ వార్షికోత్సవమున, మైక్రోసాఫ్ట్ సంస్థ తానే దానిని మరల చేర్చెను. నేలపై చెరిగిన విమానాశ్రయము ఇరువదియేండ్లు జనుల బల్లలపై బ్రతికినది.

మన హైదరాబాదు విషయము కూడ ఇట్టిదే. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెరువబడగా, బేగంపేటనుండి ప్రయాణికుల రాకపోకలు నిలిచిపోయెను. 2006లో వెలువడిన ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్ అను ప్రోగ్రామునకు శంషాబాదు సంగతియే తెలియదు. అందులో హైదరాబాదు దిగవలెనన్నచో నగరము నడుమనున్న బేగంపేటలోనే దిగవలెను. ఆ పాత డిస్కు భద్రపరచుకొన్నవారికి ఆనాటి దారి ఈనాటికిని తెరచియే ఉన్నది. పాత పటములు భూగోళ చరిత్రకు ఎట్లు ఆధారములో, పాత సిమ్యులేటర్లు ఆకాశమార్గముల చరిత్రకు అట్లు ఆధారములు.

ఇక రానున్న కాలము. 2009 జనవరిలో మైక్రోసాఫ్ట్ సంస్థ ఈ సిమ్యులేటరును నిర్మించుచున్న తన విభాగమును మూసివేసెను. అభిరుచి అంతటితో ముగిసినదని పలువురు తలచిరి. ముగియలేదు. ప్రోగ్రాము డిస్కులలో వారివారి ఇండ్ల ఉండెను. క్రొత్త విమానములు, క్రొత్త ఊళ్లు నిర్మించు విద్య వారి చేతిలో ఉండెను. తయారుచేసినవారు విడిచిపెట్టినను వాడుకొనువారు పదియేండ్లకు పైగా దానిని నిలువబెట్టిరి. 2012లో అదే సంస్థ ఫ్లైట్ అను క్రొత్త ప్రోగ్రామును వెలువరించి, బయటివారు అందు ఏమియు చేర్చుటకు వీలులేకుండ తలుపులు బిగించెను. అది కొద్ది నెలలలోనే ఆగిపోయెను. ఈ రెండు సంఘటనలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో పాఠము తేటపడును.

2020 ఆగస్టులో ఫ్రాన్సు దేశమున బోర్డో నగరములోని అసోబో సంస్థ నిర్మించిన క్రొత్త సిమ్యులేటరు వచ్చెను. ఉపగ్రహములనుండియు, విమానములనుండియు తీసిన చిత్రముల ఆధారముగా భూగోళమంతయు అందు నెలకొన్నది. 37,000 విమానాశ్రయములు కలవు. దాని సమాచారము రెండు పెటాబైట్లకు పైబడినది. ఒక పెటాబైటనగా పదిలక్షల గిగాబైట్లు. మహమ్మారి వలన ఇండ్ల నిలిచిపోయినవారు ఆ యేడు తమ ఊరిని, తమ ఏటిని ఆకాశమునుండి చూచుకొనిరి. గోదావరి ఇసుకతిన్నెలపై ఎగురుట రాజమండ్రివానికి ఎంత సులభమో, రైన్ నదిపై ఎగురుటయు అంతే సులభమయ్యెను.

కాని యంత్రము ఊహించి కట్టిన లోకములో యంత్రపు పొరపాట్లును ఉండును. లండనులోని బకింగ్‌హామ్ రాజప్రాసాదము మొదట అందొక కార్యాలయ భవనమువలె కనబడెను. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్ను శివారున 212 అంతస్తుల గోపురమొకటి ఒంటరిగా లేచి నిలిచెను. ఉచిత పటమును దిద్దిన ఒకరు రెండు అంతస్తులని వ్రాయబోయి 212 అని వ్రాయుటయే అందుకు కారణము. ఇట్టి తప్పులను కనిపెట్టినవారు ఔత్సాహికులే, దిద్దినవారిలోను వారున్నారు.

ఇంతకంటె పెద్ద ప్రశ్న వేరొకటి కలదు. ఆ రెండు పెటాబైట్లు ఎవరి ఇంటను ఇమడవు. దూరముననున్న యంత్రశాలలనుండి, విమానము ముందునకు సాగుకొలది నేల తునకలు తునకలుగా తీగద్వారా రావలెను. 2024 నవంబరులో వచ్చిన తరువాతి కూర్పు ఈ పద్ధతిపై ఇంకను ఎక్కువగా ఆధారపడినది. విడుదలయిన నాడు జనులు ఒక్కమారుగా వచ్చిపడగా, ఆ యంత్రశాలలు తట్టుకొనలేక, కొన్నవారు గంటలకొలది ఎదురుచూడవలసివచ్చెను. ఆ ఇబ్బంది తాత్కాలికమే. కాని అది మున్ముందు రాగల కష్టమునకు సూచన. 2009లో ఒక విభాగము మూతపడినప్పుడు ఆకాశము మూతపడలేదు, ఏలయనగా అది డిస్కులో ఉన్నది. రేపు యంత్రశాల మూతపడినచో, బల్లమీద మిగులునది ఖాళీ తెర.

ఈ పద్ధతిని నిందించుట మా ఉద్దేశము కాదు. ప్రపంచమంతటిని ఇంటికి తెచ్చుటకు వేరు మార్గము నేడు లేదు. రేడియో కూడ ఎక్కడనో వెలువడి ఇక్కడ వినబడునదే కదా! కాని రేడియో విన్నవారు పాటను స్వరపరచి వ్రాసికొందురు, నేర్చుకొందురు, తమ గొంతులో నిలుపుకొందురు. సిమ్యులేటరు వాడుకొనువారును మూడు హక్కులు విడువరాదని మాకు తోచుచున్నది. తీగ తెగినను కొంత ప్రదేశమందైనను ఎగురుటకు వీలుండవలెను. బయటివారు విమానములు, విమానాశ్రయములు నిర్మించి చేర్చు తలుపు తెరచియుండవలెను. పాత కూర్పులను గ్రంథాలయములలో పుస్తకములవలె, నడుచు స్థితిలో భద్రపరచవలెను. ఎక్స్‌ప్లేన్, ఫ్లైట్‌గేర్ వంటివి ఇంటి కంప్యూటరులోనే నేలను నిలుపుకొని నడచుచుండుట ఈ దృష్టితో చూచినచో ఎంతో మేలు.

దృశ్యముల సొగసు ఏటేట పెరుగును. తలకు తగిలించుకొను అద్దములు ఇప్పటికే వచ్చినవి. రేపు మేఘము మరింత మేఘమువలె ఉండును. కాని లింక్ పెట్టెలో ఒక్క దృశ్యమును లేదని ముందు చెప్పితిమి. మూతవేసిన చీకటిలో ముల్లులు చూచుచు, ‘ఏ’, ‘ఎన్’ అక్షరములు చెవిని బెట్టి, మార్గము వెదకుకొన్నవారికి ఆ పెట్టె ఇచ్చినది ఒక సామర్థ్యము. చేతితో అభ్యసించుట, తప్పును తెలిసికొనుట, తనకు కావలసినదానిని తానే కట్టుకొనుట అను మూడును ఔత్సాహికుని వశమున ఉన్నంతవరకు బడియును ఆటయును ఒకే బల్లమీద కలిసియుండును. చూచుట మాత్రమే అతనికి మిగిల్చినచో, సిమ్యులేటరు అందమైన చలనచిత్రమగును గాని, 1929లో ఆర్గను కర్మాగారమునుండి వెలువడిన ఆ ఉమ్మడి యంత్రమునకు వారసురాలు కాజాలదు.